తీసినవాడు లేనట్టే

పురపాలక సంఘంవారి గదుల్లో ఉచితంగా కాపురముంటున్న మిత్రమండళ్ళన్నీ తమ స్నేహాన్ని ఋజువు చేసుకోవాలని ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ ఊళ్ళో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. అంతకు ముందు సంవత్సరం కుక్కలు తమ విశ్వాసాన్ని ఋజువు చేసుకోవాలని వచ్చింది. చాలా కుక్కలు నెగ్గాయి.

ఉత్తర్వుకి కారణం లేకపోలేదు. స్నేహం పేరు చెప్పి గది పుచ్చుకున్న చదరంగ మండలిలో అధ్యక్షుడు కార్యదర్శి ముక్కు కొరికాడు. ముక్కు సంగతి ఆసుపత్రివాళ్ళు చూసుకున్నారు. గది సంగతి ఎవరు చూడాలో తేలక ‘సామాజిక సాన్నిహిత్య నిర్ధారణ విభాగం’ అని ఒకటి పుట్టింది. దానికి అధికారిగా పరాంకుశంగారు వచ్చారు. ఆయన అంతవరకూ తూనికలు, కొలతల శాఖలో పనిచేశారు. చేతిలో ఏది పెట్టినా ఒకసారి పైకీ కిందకీ ఊపి బరువు చూసుకునే అలవాటు ఇంకా పోలేదు.

“స్నేహము అమూర్తము,” అని ఆయన మొదటి సమావేశంలోనే సెలవిచ్చారు. “అమూర్తమునకు గది కేటాయించుటకు నిబంధనలు అంగీకరించవు. కావున ఎవరి స్నేహమును వారు మూర్తీభవింపజేసి, ఫొటో రూపమున, సభ్యులందరి ముఖములు స్పష్టముగా కానవచ్చునట్లు సమర్పించవలెను.”

సొంత మొహాన్ని సొంత చేత్తో తీసుకునే విద్య అప్పటికింకా పుట్టలేదు. ఫొటో అంటే ఒకరు తీయాలి, ఇంకొకరు దిగాలి. నవ్వుల మండలివాళ్ళు దవడ పళ్ళు కూడా కనిపించేలా దిగారు. వ్యాయామశాలవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి దిగారు. ఊరంతా ఇలా హడావిడి పడుతుంటే, చీకటిగది మిత్రమండలివాళ్ళు మాత్రం నిశ్చింతగా టీ తాగుతూ కూర్చున్నారు. చేపని ఈత పరీక్షకి రమ్మన్నట్టుంది వాళ్ళకి.

చీకటిగది అంటే నిజంగా చీకటిగదే. ఒకప్పుడు దోమల మందు దాచిన గది అది. కిటికీ లేదు. మందు వాసన గోడల్లో ఇంకిపోవడంతో ఏ మండలీ దాన్ని కోరలేదు. కిటికీ లేని గది కోసమే వెతుకుతున్న నలుగురు ఫొటోల పిచ్చివాళ్ళకి అది దక్కింది. ఆదివారం పొద్దున్నే వస్తారు. కాలవ గట్టున తిరుగుతారు. వచ్చి ఫిలిం కడుగుతారు, ఎర్రలైటు వేసుకుని ప్రింట్లు వేస్తారు, వాటి మీద పోట్లాడుకుంటారు. మళ్ళీ ఆదివారం దాకా ఎవరి దారి వారిది.

ఆ నలుగురిలో చిదంబరం ఒకడు. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. ఒంటరివాడు. చిన్నప్పటినుంచీ అతనికి ఒక జబ్బు ఉంది: ఎవరైనా తనవైపు చూస్తే, తన మొహం తన ఒంటి మీద ఎవరో అరువిచ్చిన సామానులా అనిపిస్తుంది. కండువా అయితే మడిచి ఇచ్చేయొచ్చు, మొహాన్ని ఏంచేయాలో తెలీదు. మనస్తత్వశాస్త్రం పుస్తకాలు తెప్పించుకుని చదివి ఆ జబ్బుకి పేరు కనుక్కున్నాడు. పేరు దొరికాక జబ్బు తగ్గలేదు గానీ, దాని మీద గౌరవం పెరిగింది. చివరికి మందు పుస్తకంలో కాక కెమెరాలో దొరికింది. కెమెరా కంటికి ఆనించుకున్నవాణ్ణి ఎవరూ చూడరు. ఎంతసేపు ఎవరివైపు చూసినా తప్పు పట్టరు. మనుషుల మధ్య ఉంటూ మనుషులకి అందకుండా ఉండటానికి అంతకంటే మర్యాదైన ఏర్పాటు ఇంకొకటి లేదని చిదంబరం నమ్మకం.

ఋజువు కోసం ఆ ఆదివారం అట్టపెట్టెలన్నీ దింపారు. మధ్యాహ్నానికి వీర్రాజు నడుం పట్టుకుని లేచాడు. వీర్రాజుకి లారీలున్నాయి. తీసేది మాత్రం నీళ్ళనే: కాలవ, చెరువు, బకెట్టు, ఏదైనా సరే.

“మనోళ్ళ ఫొటో ఒక్కటీ లేదేంటండి బాబూ,” అన్నాడు. “గేదెలున్నాయి. కాలవ లాకులున్నాయి. ఎవరో ముసలావిడ ముడతలు, పొద్దుటి ఎండలో ఓసారి, సాయంత్రం ఎండలో ఓసారి ఉన్నాయి. మనం లేం.”

“మన మొహాలకి ఫిలిం దండగని నువ్వే అన్నావుగా,” అంది డాక్టరమ్మ. ఆవిడ కంటి డాక్టరుగా పనిచేసి రిటైరైంది. కళ్ళు తప్ప అన్నీ ఫొటో తీస్తుంది.

“అన్నానండి, ఆయ్. గవర్నమెంటు అడుగుద్దని అప్పుడు తెలీదు కదండి.”

“పెళ్ళిళ్ళలో రోజూ మనుషుల్నే తీస్తానని, ఆదివారం మనిషన్నవాణ్ణి తీయకూడదని ఒట్టు పెట్టుకున్నాను,” అన్నాడు మస్తాన్‌వలీ. బజారులో స్టూడియో అతనిదే. ఊళ్ళో మండళ్ళన్నిటి స్నేహాలనీ ఆ వారంలో అతనే తీశాడు. “ఇప్పుడు నా మొహమే కావాలంటే ఎక్కడినుంచి తెచ్చేది?”

చిదంబరం మాత్రం మనుషుల్నే తీస్తాడు, కానీ వెనకనుంచి. బస్టాండులో ఎవరెవరివో వీపులు అతని దగ్గర వందలున్నాయి.

వెతగ్గా వెతగ్గా ఒక్క ఫొటో దొరికింది. కాలవ గట్టు ఇసక మీద నాలుగు పొడుగాటి నీడలు. వీర్రాజు దాన్ని పట్టుకుని సోమవారం విభాగానికి వెళ్ళాడు. పరాంకుశంగారు దాన్ని అరచేతిలో ఊపి చూశారు.

“నీడలు సూర్యునికి సంబంధించినవి,” అన్నారు. “మీకు సంబంధించినవని నిర్ధారించుటకు సూర్యుని వాంగ్మూలము లేదు.”

సరే, కొత్తగానే తీద్దామనుకున్నారు. తర్వాతి ఆదివారం ముగ్గురు నిలబడితే ఒకరు తీశారు. వంతులు మార్చుకుని నలుగురూ తలొకటి తీసి, నాలుగు ఫొటోలూ పట్టుకెళ్ళారు. ఈసారి చిదంబరం కూడా వెళ్ళాడు.

పరాంకుశంగారు నాలుగింటినీ బల్ల మీద పేకముక్కల్లా పరిచారు.

“మండలిలో సభ్యులు నలుగురు. ప్రతి ఫొటోలోనూ ముగ్గురే. నాలుగోవారు ఎక్కడ?”

“ఫొటో తీస్తన్నారండి.”

“తీసినట్టు ఫొటోలో లేదే.”

“తీసేవోడు ఫొటోలో ఎలా ఉంటాడండి?”

“అదియే నేనునూ అడుగుతున్నాను. ఫొటోలో లేనివాడు ఆ సమయమున స్నేహములో ఉన్నాడని ఎట్లు నమ్ముట? తీసినవాడు లేనట్టే.” ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. “పైగా మరొక విషయము గమనించితిని. ఒక్కొక్క ఫొటోలో ఒక్కొక్కరు లేరు. అనగా ఒకరి తరువాత ఒకరిని వరుసగా వెలి వేయుచున్నారు. దీనిని మా విభాగములో చక్రభ్రమణ బహిష్కరణ అందురు. ముక్కు కొరుకుటకు ఇది ముందు దశ.”

వీర్రాజు నోరు తెరిచి, చుట్టూ చూసి, మూసుకున్నాడు.

“అదియునుగాక,” అంటూ ఆయన మూడు ఫొటోలని దగ్గరికి జరిపారు. “ఈ వ్యక్తి ఎవరు? ఒకదానిలో తల వంచినాడు. ఒకదానిలో చేయి అడ్డము పెట్టినాడు. మూడవదానిలో చెవి మాత్రమే కలదు. చెవితో స్నేహము నిర్ధారణ కాదు.”

ఆ చెవి యజమాని బల్లకి ఇవతలే కూర్చుని ఉన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. కావాలని తల తిప్పలేదతను. మీట నొక్కే క్షణానికి మెడ తనంతట తనే తిరిగింది. ఎన్నేళ్ళుగానో యజమాని కోసం కష్టపడిన మెడ, అతన్ని అడగటం ఎప్పుడో మానేసింది.

తర్వాత వారం కెమెరాలో టైమర్ పెట్టారు. పెట్టి పరిగెత్తుకొచ్చే బాధ్యత వీర్రాజుకిచ్చారు. అంత ఒళ్ళుతో అతను వచ్చి చేరేసరికి గడువు అయిపోయింది. సగం డాక్టరమ్మ ఒళ్ళో, సగం గాల్లో, మొత్తం మసగ్గా పడ్డాడు.

“ఇతడు వచ్చుచున్నాడా, పోవుచున్నాడా?” అనడిగారు పరాంకుశంగారు.

“వస్తన్నానండి.”

“పోవుచున్నట్లు కూడా ఉన్నది. సరే, దీనిని తీసినది ఎవరు?”

“ఎవరూ కాదండి. దానంతటదే.”

ఆయన ఫొటోని జాగ్రత్తగా వెనక్కి నెట్టారు. “ఎవరునూ తీయని ఫొటోలో ఎవరో దిగినారని ప్రభుత్వము ఒప్పుకొనజాలదు.”

ఇక్కడితో ఆగి ఉంటే చీకటిగది ఒక్కటే పోయేది. కానీ పరాంకుశంగారికి తను అన్న మాటే రాత్రింబగళ్ళు చెవిలో మోగింది. తీసినవాడు లేనట్టే అయితే, ఇప్పటిదాకా ఆమోదించిన ఫొటోల మాటేమిటి? వాటినన్నిటినీ మస్తాన్‌వలీ తీశాడు. మస్తాన్‌వలీ ఏ ఒక్కదానిలోనూ లేడు. లేని మనిషి తీసిన ఫొటోలు చెల్లుతాయా? వారం తిరక్కుండా కొత్త నిబంధన వచ్చింది. ప్రతి ఫొటోకీ, ఆ ఫొటో తీస్తున్న వ్యక్తిని అదే సమయాన తీసిన ఫొటో జతచేయాలి. జతచేసిన ఫొటో కూడా ఫొటోయే గనక, దానికీ ఇదే నిబంధన.

“మరి దీనికి అంతెక్కడండీ?” అని నవ్వుల మండలి అధ్యక్షుడు నవ్వకుండా అడిగాడు.

“ఎక్కడో ఒకచోట ఆగును,” అన్నారు పరాంకుశంగారు. “ప్రభుత్వమునందు ఆగనిది ఏదియును లేదు.”

ఆ ఆదివారం కాలవ గట్టున ఊరు ఊరంతా కెమెరాలతో నిలబడింది. ఉన్నవాళ్ళు సొంతవి తెచ్చారు, లేనివాళ్ళు మస్తాన్‌వలీ స్టూడియోలో అద్దెకి తెచ్చారు. ముందు నవ్వుల మండలి నవ్వుతోంది. వాళ్ళని ఒకాయన తీస్తున్నాడు. ఆయన్ని పక్కనుంచి వ్యాయామశాల పహిల్వాన్ తీస్తున్నాడు. పహిల్వాన్ని భజన సమాజం పంతులుగారు, పంతులుగార్ని వడ్రంగి సంఘంవాళ్ళు, వాళ్ళని ఇంకెవరో. వరస రేవు దాటింది, చింతచెట్లు దాటింది, లాకుల దాకా వెళ్ళింది. పరాంకుశంగారు ఆ పొడుగునా నడిచారు. లాకుల దగ్గర వరసలో చిట్టచివరి మనిషి కెమెరా పట్టుకుని ఒక్కడే నిలబడి ఉన్నాడు. అతని వెనక కాలవ తప్ప ఎవరూ లేరు.

“ఇతనిని తీయువారు ఎవరు?”

పరాంకుశంగారు మొత్తం వరసని కొట్టేశారు. అప్పటికి నవ్వుల మండలివాళ్ళకి దవడలు పట్టేసి, నోళ్ళు మూతపడటం మానేశాయి.

అన్ని గదులకీ తాళాలు పడటం మొదలైంది. చీకటిగది వంతు వచ్చే ఆదివారమని కబురొచ్చింది.

మధ్యలో బుధవారం సాయంత్రం చిదంబరం కాలేజీనుంచి వస్తూ దారి తప్పినట్టు నటిస్తూ వీర్రాజు వాళ్ళ వీధిలోకి తిరిగాడు. ఇన్నేళ్ళ స్నేహంలో ఆ ఇంటికి ఎప్పుడూ వెళ్ళలేదు. లోపల రేడియో వినిపిస్తోంది. వీర్రాజు ఎవరితోనో దేనికో నవ్వుతున్నాడు. గేటు మీద చెయ్యి వేశాడు చిదంబరం. తలుపు తీసి, ‘ఏంటండీ ఇలా వచ్చారు’ అంటే ఏం చెప్పాలి? మెడలో కెమెరా లేదు. ఈ ఆదివారంతో కెమెరాకి కూడా సాకు ఉండదు. నలుగురూ నాలుగు వీధుల్లో ఉంటారు. ఎదురైతే తలాడిస్తారు. పరాంకుశం చెప్పిందే నిజమా అని మొదటిసారి అనుమానం వచ్చింది అతనికి. గది తీసేస్తే కనిపించనిది, గదిలో మాత్రం ఉందని ఏమిటి సాక్ష్యం? పైగా గది పోయేది తన మొహం వల్ల. టైమర్ ఫొటోలోనూ మిగతా ముగ్గురి మొహాలు మసగ్గానైనా ఉంటే తనది మాత్రం చెవే.

గేటు మీంచి చెయ్యి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున పరాంకుశంగారు చేతిసంచీలో తాళంకప్ప వేసుకుని స్వయంగా వచ్చారు. లోపల ఎర్రలైటు వెలుగుతోంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఈ చీకటిలో ఒకరికొకరు ఎట్లు కనబడుదురు?”

“కనబడక్కర్లేదండీ,” అంది డాక్టరమ్మ. “గొణుగుడు వినపడితే మస్తాన్. అడ్డంగా ఏదైనా తగిలితే వీర్రాజు. ఎవరూ లేనట్టుంటే చిదంబరంగారు.”

“ఇదంతయూ మాటలు. నలుగురూ ఉన్న ఫొటో కలదా, లేదా? లేనిచో,” అని సంచీ ఊపారు. తాళం బరువు ఆయనకి తెలుసు.

“మీరే తియ్యండి,” అంది డాక్టరమ్మ.

“ప్రభుత్వము ఫొటోలు తీయదమ్మా. దిగును.”

“మీ ఏడో నిబంధనలో ఉంది కదండీ, అధికారి స్వయంగా చేసినదానికి వేరే సాక్ష్యం అక్కర్లేదని. మీరు తీస్తే ఇంక మీ వెనకాల ఎవరూ నిలబడక్కర్లేదు. లాకుల దాకా వెళ్ళే పని తప్పుతుంది.”

పరాంకుశంగారు ఏడో నిబంధనని మనసులో తిరగేశారు. అది ఆయన రాసిందే. దాన్ని కాదనలేకపోయారు.

గది బయట ఎండలో నలుగురూ గోడవారగా నిలబడ్డారు. మస్తాన్‌వలీ తన పాత కెమెరా తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన అలవాటు ప్రకారం దాన్ని పైకీ కిందకీ ఊపారు. ఆ ఊపడం చూసి నలుగురికీ ఒకేసారి ప్రాణం విలవిల్లాడింది.

“ఊపకండి సార్, అది పసిబిడ్డ లాంటిది,” అన్నాడు మస్తాన్‌వలీ.

“పసిబిడ్డనైనా ఊపుతారు గదా,” అని ఆయన కంటికి ఆనించుకున్నారు. పెట్టె లోపల చిన్న చతురస్రంలో నలుగురు మనుషులు, గోడ, గోడ మీద ఎండ. బయట ఎప్పుడూ ఇంత శుభ్రంగా కనిపించలేదాయనకి. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయారు. తర్వాత మీట నొక్కారు.

“అద్దం మూత తియ్యలేదండి,” అన్నాడు వీర్రాజు నీరసంగా. మూత పెట్టి ఉన్నా కంటికి బొమ్మ కనిపిస్తూనే ఉండే రకం కెమెరా అది. కొత్తవాళ్ళందరినీ ఒకసారి మోసం చేస్తుంది.

ఆయన మూత తీశారు. అప్పుడు మొదలైంది.

“ఫిలిం తిప్పాలండి, ముందు తిప్పండి.”

“ఎండ తెల్లగోడ మీద కొడుతోంది, కాంతి తగ్గించాలి సార్.”

“తగ్గిస్తే నల్లగా పడతాం. నాకు కళ్ళ సంగతి తెలుసు, ఆ గుండ్రాన్ని కుడిపక్కకి తిప్పండి.”

“కుడిపక్కకా? డాక్టరమ్మా, మిమ్మల్ని నమ్మి ఊళ్ళో ఎంతమంది కళ్ళు చూపించుకున్నారండి?”

పరాంకుశంగారు ఎవరు చెప్పినట్టు వాళ్ళవైపు తిప్పుతున్నారు. ఆయన వేలు మెల్లగా వెళ్ళి అద్దం మీద ఆనబోతోంది. కెమెరా అద్దం మీద వేలి ముద్ర పడటం చూసి ఊరుకోగల మనిషి ఆ మండలిలో లేడు. ఆ క్షణంలో చిదంబరానికి తన మొహం గుర్తులేదు.

“వేలు,” అని అరిచాడు. “వేలు తియ్యండి మహానుభావా.” అంటూ చెయ్యి చాచి ముందుకి దూకాడు. మిగతా ముగ్గురూ దూకారు. మీదకొస్తున్న మండలిని చూసి పరాంకుశంగారు బెదిరి మీట నొక్కారు.

మస్తాన్‌వలీ కెమెరా అందుకుని అద్దం చూసుకున్నాడు.

“వచ్చిందా?” అన్నారు ఆయన. ఆ గొంతులో విభాగం లేదు.

“కడిగితే గానీ తెలీదండి.”

“ఎంతసేపు పట్టును?”

ఆయన ఉండిపోయారు. ఫిలిం కడిగి ఆరబెట్టేదాకా టీ తాగుతూ, వ్రేలాడుతున్న ఆ నల్లటి పట్టీ కేసి ఇటునుంచొకసారి, అటునుంచొకసారి చూశారు. ప్రింటు వేసే వేళకి ఎర్రలైటు కింద ట్రే చుట్టూ అయిదుగురు మూగారు. తెల్లకాగితం మీద మందునీళ్ళలో ముందు ఒక బూడిదరంగు మరక లేచింది. తర్వాత గోడ. తర్వాత నోళ్ళు. నాలుగు తెరిచిన నోళ్ళు, ముందుకి చాచిన చేతులు, వాటి వెనకాల మొహాలు. ఎవర్నో తన్నడానికి వస్తున్నట్టే ఉన్నారు నలుగురూ.

చిదంబరం తన మొహాన్ని చూసుకున్నాడు. అది పూర్తిగా ఉంది, రెండు చెవులతో సహా. అరువు సామానులా లేదు. అప్పుడు కనిపించింది, మెడ పక్కన. వీర్రాజు చెయ్యి అతని చొక్కా భుజం గుప్పిట పట్టుకుని ఉంది.

“ఇదెప్పుడు పట్టుకున్నావు?” అన్నాడు.

“ముందుకి పడిపోతారేమోనని పట్టుకున్నానండి. మీకు తెలీలేదా?”

తెలీలేదు. కెమెరా పట్టీ అనుకున్నాడు. కానీ ఆ పూట మెడలో కెమెరా లేదు.

పరాంకుశంగారు ఇంకా వంగి ట్రేలోకే చూస్తున్నారు. ఫొటో మూలమూలలా వెతుకుతున్నారు.

“మరి నేను?” అన్నారు చివరికి.

“మీరు తీశారు కదండీ,” అంది డాక్టరమ్మ.

“అనగా నేను ఇక్కడ లేనట్టా?”

జవాబు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. తీసినవాడు లేనట్టే అన్నది ఆయనే. చీకట్లో ఆయన ముఖం ఎలా ఉందో తెలీలేదు గానీ, చిదంబరానికి మాత్రం ఆ ప్రశ్న బాగా పరిచయమైనదిలా అనిపించింది. పక్కకి జరిగి ఆయనకి ట్రే దగ్గర ఇంకాస్త చోటిచ్చాడు.

మర్నాడు విభాగంలో దస్త్రం నడిచింది. తనిఖీకి వెళ్ళిన అధికారి, తనిఖీ సందర్భాన తీసిన ఫొటోలో కానరాలేదు. తీసినవాడు లేనట్టే గనక, అధికారి హాజరు కానట్టే. హాజరు కాలేదు గనక తనిఖీ జరగనట్టే. జరగని తనిఖీ ఆధారంగా తాళం వేయుట నిబంధనలకు విరుద్ధం. కావున తదుపరి ఆదివారం మరల తనిఖీ జరుపవలెను. ఏ మండలి ఫొటోలోనూ అధికారి లేరు గనక ఈ లెక్క అన్ని మండళ్ళకీ వర్తించి, ఊళ్ళో గదులన్నీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నవ్వుల మండలివాళ్ళు మాత్రం కొన్నాళ్ళు నవ్వలేదు.

తదుపరి ఆదివారం పరాంకుశంగారు తనిఖీకి వచ్చారు. ఆ పై ఆదివారం కూడా. ప్రతిసారీ ఫొటో ఆయనే తీస్తారు, ప్రతిసారీ తనిఖీ జరగకుండా పోతుంది. మూత తీయడం మూడో తనిఖీ నాటికి వచ్చింది. తాళంకప్ప తడికాగితాలు వంకరపోకుండా బరువు పెట్టడానికి పనికొస్తోంది.

ఇంతకీ ఆ మొదటి ఫొటో నాలుగు ప్రింట్లు వేశారు. ఎవరిది వాళ్ళు పట్టుకెళ్ళారు. బుధవారం సాయంత్రం చిదంబరం ఈసారి దారి తప్పకుండానే వీర్రాజు వాళ్ళ వీధిలోకి తిరిగాడు. గేటు గడియ తీశాడు. లుంగీ ఎగ్గట్టుకుంటూ వీర్రాజు వచ్చి తలుపు తీశాడు.

“ఏవండోయ్ మాస్టారూ, ఇయ్యాల ఆదివారం కాదు కదండీ.”

“కాదు.”

“కెమెరా ఏదండీ?”

“తేలేదు.”

“మరేంటి పని?”

వీర్రాజు చిదంబరం మొహం కేసే చూస్తున్నాడు. మెడ తిరగబోయి, ఎందుకో ఆగింది.

“ఊరికే వచ్చాను.”

వీర్రాజు అతన్ని ఎగాదిగా చూసి, లోపలికి తిరిగి కేకేశాడు.

“ఏమే, పెసరట్టు ఇంకోటి వెయ్యి. ఊరికే వచ్చారంట.”